కేరల్ వాళ్ళ ఓబద్యా, మా ఓబద్యా

"అమ్మమ్మా, నువ్వు, గ్రాండ్మా కలిసి ఆ పాత గ్రేవ్ ఎలా ఫైండ్ చేశారు? రికార్డింగ్ ఆన్ చేశా, చెప్పు."

ఆన్ చేశావా? ఆఁ, ఎర్రచుక్క కనపడతంది. ఇదిగో హన్నా, మధ్యలో నవ్వబాకు, నువ్వు నవ్వితే నేను చెప్పేది మర్చిపోతా.

మీ నాయనమ్మ కేరల్‌కి ఒక దిగులుండేది. మీ నాన్నక్కూడా సరిగా తెలవదు, ఆమె పైకి చెప్పుకునే మనిషి కాదుగా. వాళ్ళ నాన్న బతికున్నంతకాలం ఒకటే మాట అనేవాడంట, మన వంశానికి మొదటి మనిషి ఓబద్యా విట్లో, ఇంగ్లండులో ఓడెక్కి ఈ గడ్డ మీద దిగాడు అని. ఎప్పటి మాటనుకున్నావు? ఇది ఇంకా ఒక దేశం కాకముందు, ఇంగ్లీషు రాజు ఏలుబడిలో ఉన్నప్పుడు. మనల్ని ఏలినోళ్ళే వీళ్ళనీ ఏలారు, చూడు. సరే, ఆ ఓబద్యా మసాచుసెట్స్‌లో దిగాడు, పీపాలు చేసి బతికాడు, అంతవరకూ తెలుసు. తర్వాత ఎటు పోయాడో జాడ లేదు. ఇటు కేరల్ వాళ్ళకి తెలిసిన పాతకాలపు తాత తర్స్‌టన్ విట్లో. ఆయన మన న్యూజెర్సీలోనే ఉన్నాడంట. ఆయన తండ్రి ఎవరు? అది తెలవదు. ఈ ఇద్దరికీ మధ్య లంకె దొరకలా.

వాళ్ళకి దూరపు అన్న వరస ఒకాయనున్నాడు, వాల్టర్ అని. వంశవృక్షం అంతా ఆయనే రాస్తాడు. ఒకసారి చుట్టాలందరూ కూడిన చోట, భోజనాల దగ్గర, "కేరల్, మీ తర్స్‌టన్ మా ఓబద్యా కొడుకనడానికి ఆధారం లేదు, మీ కొమ్మ తీసేశాను" అన్నాడంట. అందరి ముందరా అనేశాడమ్మా. ఆమె పళ్ళెం పక్కన పెట్టేసి వచ్చేసింది. మళ్ళీ ఆ కూడికలకి పోలా. తర్వాత కళ్ళు మసకలవటం మొదలయింది. "రూత్, పేజీ మధ్యలో అక్షరాలు మాయమయిపోతన్నాయి" అని తర్వాతెప్పుడో నాతో అంది. తాతల కోసం సమాధి రాళ్ళూ పాత కాగితాలూ వెతికే మనిషికి కళ్ళు పోతే ఇంకేముంది చెప్పు.

అప్పట్లో మాకిద్దరికీ అంత మాటల్లేవులే. వియ్యపురాళ్ళమే గానీ, ఆమె ఇంగ్లీషు నాకు సగం, నా ఇంగ్లీషు ఆమెకి పావు. మీ అమ్మ పెళ్ళిలో ఒకళ్ళనొకళ్ళం చూసుకుని నవ్వుకోడమే. ఏం జరిగిందంటే, ఒక శనివారం మనింటికొచ్చి ఆ రాత్రికి ఉండిపోయింది. తెల్లారి ఆదివారం, నేనూ నీతో చర్చికొస్తానంది. మన తెలుగు ఆరాధన పిస్కాటవే అవతల... కాదు కాదు, అప్పటికి ఆ కొత్త హాలు లేదు, ఆ పాత అమెరికన్ చర్చి అద్దెకిచ్చేవాళ్ళు, మధ్యాన్నం పూట. నువ్వు చిన్నపిల్లవి, ఆ వెనకాల గడ్డిలో పరిగెత్తేదానివి. ఆ గడ్డిలోనే పాత సమాధులు, ఎర్రరాయివి, పొరలు పొరలుగా ఊడొచ్చేవి.

నాకేంటంటే, ఆరాధనయ్యాక ఆ రాళ్ళ మధ్య తిరగడం ఇష్టం. ఎందుకంటావా? పేర్లమ్మా. హెప్సిబా, ఎలియాబు, నతనయేలు, అన్నీ మన చీరాల సంఘంలో పేర్లే. మా పెద్దమ్మ హెప్సిబా కాదూ, ఆ కాజాలు చేసి అమ్మేది, అణాకి రెండు ఇచ్చేది, పిల్లలకి ఇంకోటి కొసరు. సరే, అదొద్దులే. అందులో ఒక రాయి మీద ఓబద్యా అని ఉంది. మా తాత పేరు ఓబద్యా. మా చర్చి గంట కొట్టేది ఆయనే. అందుకని ప్రతి ఆదివారం ఆ రాయి దగ్గర కాసేపు నిలబడేదాన్ని. కింద ఏముందో ఎప్పుడూ చదవలా. నాకెందుకు, మా తాత పేరుంది, చాలు.

ఆ రోజు భోంచేసి కేరల్ చెయ్యి పట్టుకుని అటు తీసుకుపోయా. "దిస్ మై గ్రాండ్‌ఫాదర్ నేమ్, ఓబద్యా" అన్నా. ఆమెకి అర్థం కాలా. మళ్ళీ అన్నా. అప్పుడు "ఒబడయా?" అంది, వాళ్ళు అట్టా పలుకుతారు. నేను ఆఁ అన్నా. నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. "రూత్, ఒబడయా తర్వాత ఏముంది? చదువు" అంది.

చదువుదామంటే ఏది, ఎండ రాయికి వెనకపక్క ఉంది, ముందంతా నీడ. పైగా పాచి. అక్షరం ఆనటంలా. కేరల్ చెప్పింది, అద్దం పెట్టి పక్కనుంచి ఎండ కొడితే గాట్లు లేస్తాయి అని. అద్దమెక్కడిది? నా సంచిలో పలావు తెచ్చిన స్టీలు డబ్బా ఉంది. మూత తీసి, కొంగుతో తుడిచి, ఎండని పట్టి రాయి మీదకి తిప్పా. హన్నా, ఆ అక్షరాలు లేచి వచ్చినాయమ్మా, ఇట్టా, ఇప్పుడే చెక్కినట్టు. డబ్ల్యూ, హెచ్, ఐ, టి... నేను ఒక్కోటే చెప్తన్నా, ఆమె వేలు దాని మీద పెట్టి రాస్తంది. విట్లో. పీపాలు చేసేవాడు. ఓల్డ్ ఇంగ్లండులో పుట్టినవాడు.

ఆమె గడ్డిలో కూలబడిపోయింది. నేనేమో కళ్ళు తిరిగినాయేమోనని నీళ్ళ కోసం లేవబోతే, "పోవద్దు, పక్క రాయి చూడు" అంటంది.

పక్కది చిన్న రాయి, సగం మట్టిలో దిగబడి ఉంది. వేళ్ళతో మట్టి గీకా, నా గోళ్ళు చూడాలి నువ్వు. మేరీ, ఓబద్యా విట్లో భార్య. కింద ఇంకో వరస. ఫలానా జాన్ కూతురు అని ఉంది, ఆ జాన్ ఇంటిపేరు నాకు తెలిసిన మాట కాదు, అందుకని అక్షరాలే చదివా. టి. హెచ్. యు. ఆర్. నాకేం తట్టలా. ఎస్ అనగానే కేరల్ అందుకుంది, "టి, ఓ, ఎన్" అని తనే చెప్పేసి, రాయి మీద నుదురానించి ఏడ్చింది. తర్స్‌టన్. ఆ మేరీ తన పుట్టింటి పేరు కొడుక్కి పెట్టుకుంది. అదమ్మా లంకె. అన్నేళ్ళు మసాచుసెట్స్ అంతా వెతికింది, వాళ్ళు చూస్తే మనింటికి ఇరవై నిమిషాల దూరంలో పడుకునున్నారు.

పాస్టరు గారు పరిగెత్తుకొచ్చారు, ఎవరైనా పడ్డారా అని. నేను "పళ్ళేదండీ, వాళ్ళ తాత దొరికాడు" అన్నా. ఆయన నావంక చూసిన చూపుంది చూడూ. అరె, నవ్వబాకు అన్నానా.

వాల్టర్‌కి ఫోన్ చేస్తే ముందు నమ్మలా. మరుసటి వారం తనే డ్రైవ్ చేసుకుంటూ వచ్చాడు, చేతికర్రతో. నేను మళ్ళీ మూత పట్టి వెలుగు కొట్టా. ఆయన వంగి చదివాడు, ఇంకోసారి చదివాడు. టోపీ తీశాడు. "కేరల్, నీకు నేను అన్యాయం చేశాను" అన్నాడు. కేరల్ ఆయన చెయ్యి పట్టుకుని మేరీ పేరు మీద పెట్టింది.

కాసేపటికి నన్ను చూసి, ఈవిడెవరు అన్నాడు. కేరల్ చెప్పబోయి ఆగింది. వాళ్ళ భాషలో మా చుట్టరికానికి మాట లేదంట. నేనే చెప్పా, వియ్యపురాలు అని. ఆయన అనలేకపోయాడు పాపం. కేరల్ అంది, "రాసుకో వాల్టర్. మా కొమ్మ మళ్ళీ పెట్టేటప్పుడు ఈమె పేరు గూడా పెట్టు. నా మనవరాలు ఈమెక్కూడా మనవరాలే." పెట్టాడు. ఆ వంశవృక్షంలో నీ పేరుకి పైన చూడు, అటు తర్స్‌టన్ వాళ్ళు, ఇటు మా చీరాల వాళ్ళు.

ఇప్పుడు ఆమెకి వెలుగూ నీడా తప్ప ఏం ఆనదు. అయినా మనతోనే ఉంటంది గదా, ఈ ఇంట్లో ఏ మెట్టు ఎక్కడుందో నాకంటే బాగా తెలుసు. అదిగో, లేచినట్టుంది, గోడ తడుముకుంటున్న చప్పుడు. టీ పెట్టాలి, అల్లం వెయ్యకపోతే తాగదు, పూర్తిగా మన మనిషయిపోయింది. దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ, నీ కళ్ళు నూరేళ్ళు చల్లగుండాలి. పో, పోయి చెయ్యందించు, ఒక్కత్తే దిగుతున్నట్టుంది. ఆ ఫోను... అది ఇంకా తిరుగుతానే ఉందా...