ఒక్క శనివారం కుదిరిన లెక్క

దక్షిణ కొరియా, దేజన్‌లోని ప్రయోగశాల క్యాంటీన్. వాడేసిన అణు ఇంధనాన్ని కరిగిన ఉప్పులో ముంచి, కరెంటు పెట్టి, అందులోని యురేనియాన్ని కడ్డీ మీదికి లాగుతారక్కడ. ఎంత పడుతుందో ముందే లెక్కగట్టడం ఈ బల్ల దగ్గర కూర్చున్న శాస్త్రవేత్త పని. మందపాటి అద్దం ఇవతల నిలబడి యంత్రపు చేతులతో ఆ కడ్డీని నడపడం ఎదురుగా కూర్చున్న పెద్దాయన పని. ఆవిడ ముందు కిమ్చీ పులుసు చల్లారిపోతోంది.

“కిలో పడుతుందన్నాను. ఏడొందల గ్రాములే వచ్చింది. ఆర్నెల్లుగా ఇదే గోల! రేపు పైవాళ్లకి ఏం మొహం చూపించను?”

“ముందు తినండి డాక్టరు గారూ.”

“ఏం తినమంటారు! సూత్రం నాలుగుసార్లు తిరగరాశాను. పోనీ, ఎప్పుడూ తప్పేనా అంటే అదీ కాదు. ఏప్రిల్‌లో ఒక్క శనివారం గ్రాము తేడా లేకుండా కుదిరింది.”

“కడ్డీకి యురేనియం ముళ్లు ముళ్లుగా పెరుగుతుంది కదండీ. ఆ ముళ్లు తొట్టి గోడకి తగిలితే పనంతా పాడు. అందుకే మధ్యమధ్యలో కడ్డీని రెండు తట్లు తడతాను. కాస్త రాలి అడుక్కి పోతుంది.”

“తడతారా? ఎప్పట్నుంచి?”

“పదేళ్లయింది.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“అంత చదువుకున్నారు, మీకు నేను చెబితే ఏం బాగుంటుంది?”

“అంత పెద్దవారు, మీ పనిలో ఆరాలు తీస్తే ఏం బాగుంటుందని నేను అడగలేదు!” ఆవిడ తల పట్టుకుంది. “మరి ఆ శనివారం ఎందుకు తట్టలేదు?”

“ఆ రోజు నేను సెలవు. నా బదులొచ్చినవాడికి తట్టడం తెలీదు.” ఆయన ఖాళీ గిన్నె పక్కకి జరిపాడు. “మా అమ్మాయి పెళ్లి కదండీ. మీరూ వచ్చారు, రెండు గిన్నెల నూడుల్స్ తిన్నారు.”