మూడో అంచెలో పరుగెత్తిన మా రాణి మేడం

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూలై మూడవ తేదీ, సోమవారం ఉదయం, క్రీడాకారుల కోటాలో ఎంపికైన ఒక సన్నపాటి యువతి మన విద్యుత్ కార్యాలయపు బిల్లింగ్ విభాగంలో జూనియర్ అసిస్టెంటుగా బాధ్యతలు స్వీకరించారు. అప్పటికే అంతర్జాతీయ మైదానాలలో దేశం తరఫున పరుగెత్తిన ఆ వ్యక్తిని చూడడానికి మూడంతస్తుల సిబ్బందీ మెట్ల మీద గుమిగూడారని పెద్దలు చెప్పగా విన్నాను. నలుగురు కలిసి పరుగెత్తే రిలేలో మైదానపు చివరి మలుపును చుట్టివచ్చే మూడో అంచె ఆమెది కావడంతో ఒక పత్రిక ఆమెను ‘మలుపు రాణి’ అని వర్ణించింది. కాలక్రమంలో ‘మలుపు’ అన్న మాట రాలిపోయి, మనందరికీ ఆమె రాణి మేడంగా మిగిలారు.

తండ్రి బస్సు డిపోలో మెకానిక్. డిపో ప్రహరీ వెంట పరుగెత్తి నేర్చుకున్న విద్యతోనే ఆమె జాతీయ జట్టు వరకు ఎదిగారు. తెల్లవారకముందే మైదానానికి వెళ్ళి, తడి జుట్టుతో కార్యాలయానికి వచ్చి, సాయంత్రం మళ్ళీ మైదానానికి చేరేవారట. ఆమె చేతి నుండి బేటన్ అందుకుని చివరి అంచె పూర్తి చేసే అమ్మాయిని జట్టంతా ‘పిచ్చుక’ అని పిలిచేది. పొట్టిగా, చురుగ్గా, క్షణం నోరు మూయకుండా ఉండే ఆ పిల్ల మన మేడంను సొంత అక్కలాగే చూసుకునేది. ఆ నలుగురూ విదేశీ గడ్డపై కాంస్య పతకం సాధించిన నాడు మన కార్యాలయం కౌంటర్లు మూసి మరీ పండుగ చేసుకుంది.

ఆ ఆనందం ఎక్కువ కాలం నిలవలేదు. డోపింగ్ పరీక్షలో పిచ్చుక నమూనాలో నిషిద్ధ ఔషధం బయటపడింది. నిబంధనల ప్రకారం ఒకరు దోషి అయితే నలుగురి పతకాలూ రద్దవుతాయి. విచారణకు ముందు రోజు జట్టు కోచ్ మేడంను తన గదికి పిలిపించుకున్నారు.

“నీ పరీక్షలో ఏమీ తేలలేదు. నీకెందుకమ్మా ఈ గొడవ? నోరు మూసుకుని కూర్చో. వచ్చే జట్టులో నువ్వే కెప్టెన్.”

“ఆ సూదులు వేసింది మీరే కదా మాస్టారూ. బలం మందు అని చెప్పి వేశారు. దానికేం తెలుసు?”

“రుజువేది?”

“నేను చూశాను. నాకూ వేయబోయారు.”

మరునాడు ఆమె ఆ మాటే విచారణ సంఘం ముందు చెప్పారు. మిగిలిన ఇద్దరూ తలదించుకుని, తమకేమీ తెలియదన్నారు. నలుగురి పతకాలూ పోయాయి, నిషేధపు శిక్ష మాత్రం పిచ్చుక ఒక్కదానికే పడింది. కోచ్ పదవి చెక్కుచెదరలేదు. మన మేడం పేరు మాత్రం తరువాతి ఎంపికలలో మరెన్నడూ వినిపించలేదు. ఇంకా వేగంగా పరుగెత్తగల వయసులోనే ఆమె అంతర్జాతీయ జీవితం ముగిసింది.

ఆనాటి ధైర్యాన్ని ఎవరైనా పొగిడితే ఆమె ఒప్పుకునేవారు కారు. “ధైర్యం లేదు, పాడూ లేదు. నాకు చిన్నప్పటి నుంచీ సూదంటే చచ్చేంత భయం. అందుకే వద్దని గదిలోంచి పారిపోయాను. భయం లేని పిల్ల గనక అది చేయి చాపింది” అనేవారు.

పతకాన్ని తిరిగి అప్పగించడానికి ఆమె ఒంటరిగానే క్రీడా సమాఖ్య కార్యాలయానికి వెళ్ళారు. అక్కడి గుమాస్తా తలెత్తకుండా ప్లాస్టిక్ ట్రే ముందుకు జరిపాడు. “రిబ్బన్ ఉంచుకోవచ్చా?” అని ఆమె అడిగితే, “అది కూడా ఇవ్వాలి” అన్నాడు. ఇక్కడ మన కార్యాలయంలోనేమో ఆమె బల్ల మీద ఎవరో ఇంజెక్షన్ బొమ్మ గీసి అంటించారు. నేను ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో కూడా ఆమె వెనుక గుసగుసలు వినిపిస్తూనే ఉండేవి. ఆ బొమ్మ గీసిందెవరో ఆమెకు తెలుసు. ఈనాటికీ చెప్పలేదు.

కొన్నేళ్ళకు, బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసుకుంటున్న పిచ్చుకకు మూత్రపిండాలు చెడిపోయాయని తెలిసింది. ఆ మందులే కారణమో కాదో వైద్యులు తేల్చి చెప్పలేదు. పుట్టింటివారు గడప తొక్కనివ్వని ఆమెను మేడం తన రెండు గదుల క్వార్టరుకు తెచ్చుకున్నారు. “నీ బతుకు బుగ్గిపాలు చేసినదాన్ని ఇంట్లో పెట్టుకుంటావుటే?” అని కన్నతల్లే నిలదీశారు. “చేసింది అది కాదమ్మా. దాన్నీ నన్నూ కలిపి చేసినవాడు వేరే ఉన్నాడు” అన్నారట మేడం. తల్లిగారు కొన్నాళ్ళు మూతి ముడుచుకుని, చివరకు తానే రోగికి గంజి కాచి తాగించారు. డయాలసిస్ ఉన్న రోజుల్లో మేడం ఉదయం ఆమెను ఆసుపత్రిలో దించి, మధ్యాహ్నం భోజన విరామంలో పరుగున వెళ్ళి చూసి, సాయంత్రం ఇంటికి తీసుకువెళ్ళేవారు. అలా ఏడాదికి పైగా సాగింది.

ఒక మధ్యాహ్నం పిచ్చుక కన్నుమూసింది. నెల తిరిగాక, భోజనాల గదిలో టిఫిన్ డబ్బా మూత తీయకుండానే మేడం నాతో అన్నారు: “పోయే ముందు రోజు అడిగింది. ‘అక్కా, ఆ రోజు మనం నిజంగా గెలిచామంటావా?’ అని. అవునందామంటే అబద్ధం. కాదందామంటే నోరు రాలేదు. ‘నేనిచ్చిన బేటన్ నువ్వు జారవిడవలేదు, అంతవరకు నిజమే’ అన్నాను. నవ్వింది.” ఆ రోజు మేమిద్దరం భోజనం చేయలేదు.

ఇంత బరువు మోసిన మనిషి మన మధ్య కఠినంగా మసిలి ఉంటే ఆశ్చర్యం లేదు. అయితే ఆమెది వేరే తీరు. ఒకసారి ఒక పెద్దాయన ఎక్స్‌రే కవరు కౌంటరు మీద మరిచిపోయి బస్సెక్కేశారు. మేడం చెప్పులు అక్కడే విడిచి వీధిలోకి దూకారు. మేమంతా కిటికీలకు అతుక్కుపోయి చూశాం. ఆమె పరుగెత్తడం మాలో చాలామంది చూడడం అదే మొదలు. సిగ్నల్ దగ్గర బస్సును అందుకుని తలుపు తడితే డ్రైవరు అరిచాడట: “ఏంటి మేడం, ప్రాణాల మీదికి తెచ్చుకుంటారా? వెనకాల ఇంకో బస్సు వస్తోందిగా!”

“నాకు బస్సొద్దు నాయనా. అదిగో, ఆ తాతగారి ఎముకలు మా దగ్గరుండిపోయాయి!”

ఆ సాయంత్రానికే మోకాలు వాచింది. వారం రోజుల సెలవు చీటీలో కారణంగా ‘బస్సు’ అని ఒక్క ముక్క రాసి పంపారు. ఆ మోకాలు నేటికీ పూర్తిగా కుదుటపడలేదు.

సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేస్తున్న ఆమెకు క్రీడాలోకం న్యాయం చేసిందని నేను రాయలేను. ఆ కోచ్ సన్మానాలందుకుని, గౌరవ లాంఛనాలతోనే వెళ్ళిపోయారు. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. మన కార్యాలయ పత్రిక ఈ వీడ్కోలు సంచికకు ముఖచిత్రం కావాలని అడిగితే ఆమె సొరుగులోంచి నలుగురు అమ్మాయిల ఫొటో తీసిచ్చారు. సమాఖ్య అచ్చువేసిన ప్రతులలో చివరి అమ్మాయిని కత్తిరించేశారని, వేస్తే మొత్తం వేయమని, లేదా అసలే వద్దని షరతు పెట్టారు. మొత్తం వేశాం. కుడివైపు చివర, కళ్ళు చికిలించి నవ్వుతున్న అమ్మాయే పిచ్చుక.

మేడం! రేపటి నుండి మీరు తొమ్మిదింటికి ఎక్కడికీ చేరనక్కర్లేదు. మీ మోకాలి నొప్పి తగ్గాలి, మీ నిద్ర చెడకుండా ఉండాలి, మీ తమ్ముడి పిల్లలు మిమ్మల్ని కంటికి రెప్పలా చూసుకోవాలి. పిచ్చుకకు దక్కని సంవత్సరాలను కూడా మీ ఆయుష్షులో కలుపుకుని, ఆరోగ్యంగా, నిదానంగా, చాలాకాలం జీవించండి.