‘కూడా’కు బదులు ‘లేదా’

1998 జూన్ ఒకటవ తేదీన ఒప్పందాల విభాగంలో గుమాస్తాగా ప్రవేశించి, అంచెలంచెలుగా అదే విభాగానికి అధిపతి అయిన మన ‘కూడా మేడం’ గారు ఇరవై ఏడేళ్ళ నిష్కళంక సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

ఆ పేరు వారికి ఊరికే రాలేదు. గ్రంథాలయాల కోసం మనం తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సులు రెండు. ఉచితంగా తీసుకున్నవారు దాన్ని మార్చి ఇతరులకిస్తే ఆ మార్పులనూ బయటపెట్టాలి. గుట్టుగా ఉంచుకోదలచిన వ్యాపారులు డబ్బిచ్చి రెండవ లైసెన్సు కొనుక్కోవాలి. మన జీతాలు ఆ అమ్మకాల నుంచే వస్తున్నాయి, అందులో తప్పేమీ లేదు. బయటివారు కోడ్ రాసి పంపేటప్పుడు సంతకం చేసే సమ్మతి పత్రాన్ని రూపొందించినది వీరే: ‘మీరు రాసినదాన్ని సంస్థ అందరికీ ఉచితంగా ఇస్తుంది, అమ్ముకుంటుంది కూడా.’

ఆ మాటను వారు ఎంతగా వల్లించేవారంటే, ఒక వార్షికోత్సవంలో దర్జీ అయిన వారి శ్రీవారిని ఇంట్లో మీ పనేమిటని అడిగితే, ‘వంట నాదేనండీ, గిన్నెలు కూడా’ అన్నారు. అందరికంటే ముందు నవ్వినది మేడం గారే.

పిల్లలు పేరు తప్పుగా రాసినా పుస్తకం దొరికేలా, సెలవు రోజుల్లో కూర్చుని కోడ్ రాసి పంపిన గ్రంథాలయ ఉద్యోగి ఒకరు సంతకానికి ముందు ఫోన్ చేశారు. ‘నేను రాసింది రేపు మాకే అమ్మరు కదండీ?’

‘అమ్మరండీ. నేను మాటిస్తున్నాను,’ అన్నారు మేడం గారు.

గత నెలలో కొత్త యాజమాన్యం కొత్త పత్రం తెచ్చింది. మారినది ఒక్క పదం: ‘ఉచితంగా ఇస్తుంది లేదా అమ్ముకుంటుంది.’ అంటే ఇకపై ఉచితంగా ఇవ్వడం మానేసి, అమ్ముకోవడం ఒక్కటే చేసినా చెల్లుతుంది. పాత సమ్మతులకూ ఇదే వర్తిస్తుందని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అంటే ఇదే. ఇంతకంటే సిగ్గుమాలిన పని ఈ కార్యాలయంలో ఇంతవరకు జరగలేదు.

ఒక్క మాటే కదా, ఎవరు చూస్తారని మేనేజరు గారు అడిగారు.

‘వాళ్ళు చూడరండీ, నన్ను నమ్మి సంతకం పెట్టేశారు. అందుకే నేను చూడాలి,’ అని మేడం గారు కాగితం తిప్పి పంపారు.

విభాగాధిపతి సంతకం లేనిదే ఆ పత్రం చెల్లదు. కనుక వారి విరమణ కోసం కాచుకుని కూర్చున్న యాజమాన్యమే, మన సంస్థ పత్రిక ఈ సంచిక మొదటి పుటలో వారి విశ్వసనీయతను వేనోళ్ళ కొనియాడింది. నోటితో పలకరించి నొసటితో వెక్కిరించడమంటే ఇంకేమిటి?

వచ్చే వారం ఆ కుర్చీలో కూర్చోబోయేది, పదకొండేళ్ళుగా వారి దగ్గర పని నేర్చుకున్న ఈ వ్యాసకర్తే. ఆ కాగితం మళ్ళీ బల్ల మీదికి వస్తుందని తెలుసు. దానిపై ఈ చేతి సంతకం పడదని ఇక్కడే, అచ్చులో, అందరి ముందు తెలియజేయడమైనది.

మేడం గారు శ్రీవారితో కలిసి నిండు ఆరోగ్యంతో నూరేళ్ళు వర్ధిల్లాలి. ఆ గ్రంథాలయ ఉద్యోగికి వారిచ్చిన మాట కూడా.