ఎల్బీనగర్ చౌరస్తల బ్రేక్ డ్యాన్స్

నవ్వురా ప్రసన్నా, నవ్వు. ఎందుకు ఆపుకుంటున్నవ్? మూతి బిగబట్టుకున్నవ్ గని నీ పొట్ట ఊగుడు నాకు కనవడ్తలేదనుకున్నవా? రాష్ట్రమంత నవ్వింది. నువ్వొక్కనివి నవ్వకుంటె నా ఇజ్జత్ నిలవడ్తదా?

గా కుర్చీ గుంజుకొని కూసో. నేను లేవరాదు. నడుంల డిస్కు జారిందంట. ఇరవై దినాలు గట్టి నేల మీద ఎల్లెలుకల పండుమన్నడు డాక్టర్. సపోటాలు తెచ్చినవా? ఆడ పెట్టు. పండుకొని తింటె గొంతుల వడ్తది. సూసుకుంట ఉంట.

ఎస్తేరూ! గా టీవీ బంద్ చెయ్యవే! మల్ల గదే వేస్తున్నరు... సూసినవా, నా పెండ్లాం సుత ఎట్ల నవ్వుతున్నదో! పొద్దుగాల సంది పదకొండుసార్లు వేసిన్రు. కింద ఉరికే అక్షరాలు చదివినవా? "ఉద్యమంలో కండక్టర్ బ్రేక్ డ్యాన్స్... బ్రేకులు ఫెయిల్!" ఎవడు రాసిండో గని, వానికి దండం పెట్టాలె.

నువ్వు టీవీల చూసింది సగమే. అసలు ఎట్లయ్యిందో విను.

సమ్మె మొదలై మూడు వారాలు దాటె. తెలంగాణ వచ్చేదాంక బస్సు కదలదని మేమంత డ్యూటీలు ఇడిసిపెట్టి ఎల్బీనగర్ చౌరస్తల టెంటేసుకొని కూసున్నం. దినానికొక్క ప్రోగ్రాం. ఒకదినం రోడ్డు మీదనే వంట, ఒకదినం కబడ్డి, ఒకదినం బతుకమ్మ. నిన్న ఆటపాట. డప్పులు మోగుతున్నయ్, ఒకరెనుక ఒకరు పాడుతున్నరు. నేను మంచిగ వెనకాల కూసొని చప్పట్లు కొడుతున్న. నా జాగ నాకు ఎరుకే గద.

మా డ్రైవర్ మట్టయ్య ఉన్నడు సూడు, పదేండ్ల సంది నాతోని ఒక్కటే బస్సుల తిరిగెటోడు, వాడు మైకు గుంజుకున్నడు. "మన జోయలన్న వయసుల ఉన్నప్పుడు బ్రేక్ డ్యాన్స్ చేస్తుండె!" అన్నడు. వానికెట్ల తెలుసంటవా? నేనే చెప్పిన. బస్సు ఖాళీగ ఉన్నప్పుడు గొప్పలు చెప్పుకోకుంటె కండక్టర్‌కు పొద్దెట్ల గడుస్తది?

ఇగ లొల్లి. "జోయలన్నా! జోయలన్నా!" లేచిన. డప్పు మీద అడుగెయ్యాలె గద? నాకు రాదురా! మా తాత డప్పు కొడితె ఊరు ఊరంత లేచొచ్చేదంట. మనుమనికి ఒక్క అడుగు రాదు. నాకొచ్చింది వీడియో క్యాసెట్ల చూసి మనిద్దరం నేర్చుకున్నదే. గదే షురూ చేసిన.

ముందుగాల వెనకకు జారుడు. తారు రోడ్డు మీద, తోలు చెప్పులతోని! చెప్పులు ఆడనే ఉన్నయ్, నేనొక్కన్నే వెనకకు వచ్చిన. జనం ఈలలు. ఆ ఈలలు చెవుల వడంగనే నాకు నలభై మూడేండ్లన్న సంగతే మర్చిపోయిన. వీపు మీద గిర్రున తిరిగేటిది ఉండె సూడు, గది అందుకున్న. సగం తిరిగిన. "కటక్" అన్నది. మొదలు డప్పు అనుకున్న.

ప్యాంటు సుత చినిగింది. దాన్ని టీవీవోళ్లు దగ్గరికొచ్చి తీసిన్రు. రోడ్డేమో బంద్, లారీలు అబ్దుల్లాపూర్‌మెట్ దాంక ఆగి ఉన్నయ్, ఇగ అంబులెన్సు ఏడికెల్లి వస్తది? నలుగురు నన్ను ఫ్లెక్సీ మీద ఏసి మోసి, పోలీసోళ్ల జీపులనే దవాఖానకు తోలిన్రు. అరెస్టన్న చేస్తె అదొక గౌరవం. కేసు సుత పెట్టలే. ఎస్సై అన్నడు, "అంకుల్, జర ఇంటికాడ రెస్ట్ తీసుకో" అని. అంకులంట!

నువ్వొస్తవని మాత్రం అనుకోలేదురా. మనం కలవక ఇరవై నాలుగేండ్లు.

దిల్‌సుఖ్‌నగర్ల నీ కోచింగ్ సెంటర్ ముంగటికెల్లి నా బస్సు దినాం ఆరుసార్లు పోయేది. ఎంత పెద్ద బోర్డు! చేతులు కట్టుకొని, కోటేసుకొని నువ్వు. అది వచ్చేటాలకు నేను అటుదిక్కు తిరిగి టికెట్లు కొట్టేటోన్ని.

మొన్న మావోళ్లు ఊరేగింపు తీసి నీ షట్టర్ సుత దించిచ్చిన్రు గద. గా గుంపుల నేను సుత ఉన్న. దాచుడెందుకు? గని నీ సెంటర్ కాడికి వచ్చేటాలకు చెప్పు తెగిందని చెప్పి మెట్ల మీద కూసున్న. తెగలే. ఊరికెనే చెప్పిన.

మా బిడ్డ హెప్సిబానే ఫోన్ చేసిందా నీకు? "సర్, టీవీల పడిపోయింది మా డాడీ" అన్నదా? దేవుని స్తోత్రం. పరువు తియ్యనీకి పక్కింటోళ్లెందుకు, కడుపున పుట్టినోళ్లు ఉండంగ!

టీవీ అంటె మీ ఇంటి టీవీరా! కొత్తపేటల మీ ఇంటెనుక రేకుల రూముల మేం కిరాయికుంటిమి. యాదున్నదా? కర్ర పెట్టె, ముంగట రెండు తలుపులు, దానికి తాళం. తాళంచెయ్యి మీ నాయిన రామమోహనరావు సార్ జంజానికి కట్టుకునేటోడు. నల్ల తెలుపు బొమ్మకు రంగులు రావాల్నని ముంగట ఒక ప్లాస్టిక్ అద్దం తగిలిచ్చిండు సూడు! మీద నీలం, నడుమ గులాబి, కింద ఆకుపచ్చ. వార్తలు చదివెటామెకు నీలం మొఖం, గులాబి మెడ. కలర్ టీవీ చూసిన్నని బడిల ఎంత కొట్టుకున్ననో!

మీ అమ్మ జంతికలు పెడ్తుండె. నేను మురుకులు అంటె నువ్వు పడి పడి నవ్వెటోనివి. పేరేదన్న గానీ అని నేను నములుతుంటి.

ఇగ ఇంటర్ల మనిద్దరికి బ్రేక్ డ్యాన్స్ పిచ్చి ఎక్కె. మా అమ్మ దవాఖానల ఆయా గద, ఆడికెల్లి రబ్బరు గ్లౌజు తెస్తె వేళ్లు కత్తిరిచ్చి ఒక చేతికి ఏసుకున్న. పది నిమిషాలల్ల చెమటతోని నిండి నీళ్ల బుగ్గ అయితుండె! నెత్తికి మీ అమ్మ చీర అంచు. దర్జీ కాడ కోటు లోపలికేసే జారుడు బట్టతోని ప్యాంట్లు కుట్టిచ్చుకుంటిమి. గాలొస్తె ఇద్దరం ఉబ్బి గుమ్మడికాయల లెక్క ఉంటుంటిమి. అద్దంల చూసుకొని "ఫారినోళ్ల లెక్క ఉన్నంరా" అనుకుంటిమి. ఏ ఫారినో తెల్వది.

ఇంట్ల తెల్వకుండ టీవీ అట్టపెట్టె విప్పి మీ డాబా మీద పరిచి తిరుగుతుంటిమి. అన్నిట్ల మంచిది మన కరెంటు. నా కుడిచేతి వేళ్ల కాడ మొదలై, మోచెయ్యి, భుజం, మెడ, గిటు భుజం, ఎడమ వేళ్ల కొసకొచ్చి నీ వేళ్లకు అంటుకునేది. నువ్వు గట్టు మీదికెల్లి దుంకినట్టు ఎగిరిపడెటోనివి. గణపతి మంటపం కాడ ఆడోళ్లు నిజంగనే షాక్ కొట్టిందని కేకలేస్తుండిరి.

కరెంటు పంపెటోన్ని నేను. చప్పట్లు నీకు.

కాదంటవేంది? నీకే. నువ్వు ఎర్రగ ఉంటివి, జుట్టు చెవుల మీదికి వచ్చి మంచిగ ఊగుతుండె. నాది ఎంత పెంచినా మీదికే పోతుండె.

టీవీ స్టేషన్ల యువకుల ప్రోగ్రాంకని పోయి చేసి చూపెట్టి వచ్చినం సూడు, ఆ దినం బస్సుల నువ్వొక మాట అన్నవ్. యాదున్నదా? లేదా? నాకున్నది. "డ్యాన్స్‌కి ముందు రెండు ముక్కలు మాట్లాడమంటారంటరా. నేను మాట్లాడతాలే. నువ్వు నవ్వుతూ నిలబడు చాలు. నీ భాష టీవీలో బాగోదు."

చెడ్డగ అనలే. అన్నవని ఎవరన్న అంటె నేనే ఒప్పుకోను. నా భుజం మీద చెయ్యేసి, ప్రేమగ అన్నవ్. గందుకే ఎక్కువ మండింది.

ఎస్తేరూ, చాయ పెట్టు జర. ఆ, అల్లం దంచేసి. తలుపు దగ్గరికి వెయ్యి, పొగొస్తది.

...పోయిందా?

విను. మా హెప్సిబా నీ బ్యాచ్‌ల ఉన్నదని నీకు నిన్నటిదాంక తెల్వది. చేర్పియ్యనీకి నేను రాలే, ఎస్తేరును తోలిన. మొదటి దినం క్లాసుకు పోయొచ్చి అన్నం కాడ కూసొని చెప్పింది. మా సర్ ఎంత మంచిగ మాట్లాడిండో డాడీ అన్నది. అచ్చం నీ లెక్కనే అనుకుంట చెప్పింది. "మీ వయసులో నేనూ కలలు కన్నాను. టీవీ వాళ్లు నన్ను వద్దన్నారు. ఆ వద్దన్న మాటే నన్ను లెక్కల దగ్గరికి తీసుకొచ్చింది." ప్రతి బ్యాచ్‌కు మొదటి దినం గిదే చెప్తవంట గద? పోరగాండ్లంత లేచి చప్పట్లు కొడ్తరంట గద?

నాకు బుక్క గొంతుల అడ్డం వడ్డది. ఎస్తేరు నెత్తి మీద కొట్టి నీళ్లు తాపింది.

వాళ్లు నిన్ను వద్దనలేదురా.

ఉత్తరం వచ్చింది. మీ నాయినకు తెలుస్తదని మా అడ్రస్సు ఇచ్చినం గద? ఇద్దరి పేర్లు ఉన్నయ్. నీదే ముందున్నది. ఇద్దరు రాండ్రి అని. నేను దాన్ని మా అమ్మ బైబిల్ల పెట్టిన. అమ్మకు చదువు రాదు, నేను తెరిచేది లేదు, అంతకన్న భద్రమైన జాగ ఇంట్ల ఏమున్నది? డాబా ఎక్కి నీతోని చెప్పిన, "మనల్ని తీసుకోలేదంటరా" అని.

నువ్వేం చేసినవ్? అట్టపెట్టె మడతపెట్టినవ్. నన్ను హోటల్‌కు తీస్కపోయి చాయ తాపిచ్చినవ్. "నీ తప్పేం లేదురా, బాధపడకు" అన్నవ్. నువ్వు నన్ను ఓదార్సినవ్! తెల్లారి జుట్టు కత్తిరిచ్చుకున్నవ్. మీ నాయిన ఖుషీగ నిన్ను గుంటూరు హాస్టల్ల వేసిండు. నేను బస్టాండ్‌కు రాలే. జ్వరమన్న.

టీవీ స్టేషన్‌కు ఒక్కన్నే పోయి ఆడ సుత గదే చెప్పిన. రెండో ఆయనకు జ్వరమని. అప్పటికి నాకు వచ్చిన అబద్ధం గదొక్కటే.

స్టూడియో లోపల ఒకటే సలి. కింద సుద్దముక్కతోని గీత గీసి ఈడ నిలబడమన్నరు. ఒకామె మైకు పెట్టి పేరు చెప్పుమన్నది. నేనెందుకు ఒక్కన్నే పోయిన? నా భాషల నేను మాట్లాడాల్నని! బస్సుల దారంత అనుకుంట పోయిన. నోరు తెరిచిన. ఏమొచ్చిందో ఎరుకేనా?

"నా పేరు జోయల్ అండి. నాకు నృత్యం అంటే చాలా ఇష్టమండి."

నృత్యం! మా ఇంట్ల పుట్టిన సంది ఎవ్వరు అనని మాట! అండీలు ఏడికెల్లి వచ్చినయ్? నీ గొంతేరా అది. నిన్ను ఇంటికాడ ఇడిసిపెట్టి నీ భాషను ఎంబడి తీస్కపోయిన.

తర్వాత డ్యాన్స్. కరెంటు మొదలుపెట్టిన. భుజం, మెడ, ఎడమ చెయ్యి, వేళ్లు. కొసకొచ్చింది. అటుదిక్కు ఎవ్వరు లేరు. చెయ్యి అట్లనే చాపి నిలబడ్డ. వాళ్లు పాట అయిపోయిందనుకొని "బాగుంది, బాగుంది" అన్నరు.

టీవీల రాలేదా అంటవా? అదే చెప్తున్న. నా డ్యాన్స్ టీవీల వేసే దినం పాస్టరయ్య ఇంట్ల మా జనమంత జమయ్యిన్రు. ప్రార్థన సుత చేసిన్రు, కరెంటు పోవద్దని. కరెంటు పోలే. ఢిల్లీల ఎవరో పెద్దాయన పోయిండు! మూడు దినాలు టీవీల దీపం బొమ్మ పెట్టి సన్నాయి. మా అమ్మ గంటసేపు లేవలే. "సన్నాయి అయినంక వస్తవేమో బిడ్డా" అని.

మల్ల వెయ్యలే. నాలుగుసార్లు పోయి అడిగిన. నా టేపు మీద బర్రెలకు టీకాలేసే ప్రోగ్రాం ఎక్కిచ్చిన్రని గేటు కాడాయన అన్నడు. నిజమో నవ్వుతాలో తెల్వది. ఆర్టీసీల నౌకరి వచ్చింది, చేరిన.

తిట్టురా. తిట్టు. మీ గుంటూరు తిట్లు మస్తుంటయ్ గద. లేస్తున్నవేంది? కొడ్తవా? కొట్టు. జర నడుం వదిలిపెట్టి కొట్టు.

పోతున్నవా... పో. చాయ తాగి పొమ్మనే మొఖం నాకు లేదు.

ఒక్క మాటరా. వాకిట్ల మా హెప్సిబా ఎదురైతదేమో, మందులు తేనీకి పోయింది. నువ్వు చెప్పిన మాట పట్టుకొని అది పొద్దుగాల నాలుగింటికి లేచి లెక్కలు చేస్తున్నది. వద్దన్నోళ్లకు చూపిస్తదంట.

వద్దన్నోడు ఈడ పండుకొని ఉన్నడని దానికి చెప్పకు. అంతే. నీ ఇష్టం ఇగ.