గాసమ్మ కుండకి సెవి పెట్టడం

గాసమ్మని ఓ ముసల్ది ఉండీదంట, కొండకి ఇవతల, ఇదిగో ఈ ఊళ్లోనే. సోడికల్లు కాయడంలో ఆవిడ ముందు ఇంకొకలు నోరెత్తడానికి నేదు. మీరు రాగులంటారే, ఆ సోడిపిండి అంబలి కాసి, సల్లార్చి, పులవడానికి మందేరు కలిపి కుండకెత్తీసి మూత పెట్టీసీది. అది నాలుగైదు రోజులు లోపల గుబగుబలాడతాది. మీకు తెలీదేటి, మీ ఇళ్లల్లో ఎవులూ కాయట్లేదేటి. ఆ సద్దు అణిగేకే ఎండిన ఆనపకాయ బుర్రకెత్తి బిరడా కొట్టాల. సద్దుండగా ఎత్తీసేవనుకో, లోపలి పొంగు బుర్రని పగలగొట్టీసి బయటికొచ్చీస్తాది. అందుకని గాసమ్మ రోజూ పొద్దున్నే కుండకి సెవి పెట్టి ఇనీదంట. సద్దణిగితే కల్లు దిగిందంటాం, ఆవిడ దిగింది అంటే దిగినట్టే. ఊరంతా ఆవిడ సెవిని అడిగే బుర్రకెత్తీవోలు.

ఇంతకీ ఏమైందంటే, గాసమ్మ కొడుకు బోడన్నకి కొండవతల సిన్నాలు అనే పిల్లని సూసుకున్నారు. ఆ పిల్లకీ ఆడంటే ఇష్టమే, సంతలో సూసింది, నవ్వింది, అంతే. మా దగ్గిర పిల్లని అడగడానికెల్తే బుర్రతో కల్లు పట్టుకెల్లాల. పిల్ల తరపోలు తాగితే ఒప్పుకున్నట్టు. తాగకముందే బుర్ర పగిలిందనుకో, ఆలింటి దేవుడికి ఇష్టం నేదన్నమాట, ఇంక ఆ మాటెత్తకూడదు. గాసమ్మ కుండకి సెవి పెట్టింది, సద్దు నేదు, దిగీసింది అంది, బుర్రకెత్తి బిరడా కొట్టి కొడుక్కిచ్చీసింది. బోడన్న బుజానేసుకుని కొండెక్కేడు. ఎండెక్కింది. పిల్ల తరపోల గుమ్మం ముందు కాళ్లు కడుక్కుంటంటే బుర్ర డామ్మని పేలిపోయిందంట. ఒళ్లంతా కల్లు కారతా ఆడు, గుమ్మంలో ఆ పిల్ల. నవ్వకండి, ఆ పిల్లకి ఏడుపొచ్చింది.

పగిలిన పెంకులు ఎనక్కిచ్చీస్తే సమ్మందం తెగినట్టు. మూడోనాడు సిన్నాలు మేనమావ పెంకులు మూటగట్టుకుని బయల్దేరితే, నానూ వస్తానంది పిల్ల. నువ్వెందుకే అంటే, తెగ్గొట్టేది నా సమ్మందమే గదా, నాను సూడొద్దా అందంట. సరేనని ఇద్దరూ గాసమ్మ ఇంటికొచ్చేరు. మావ అరుగు మీద కూకున్నాడు, పిల్ల మంచినీల్లకని లోపలికెల్లింది. అక్కడ గాసమ్మ తరవాత కాసిన రెండో కల్లుకుండకి సెవి పెట్టుకుని ఉంది. కుండేమో గుమ్మం కాడికి ఇనబడేలాగ గుబగుబలాడతంది. గాసమ్మేమో తనలో తను, సద్దు నేదు, ఇదీ దిగీసింది అనుకుంటంది. సిన్నాలు ఎనకనుంచి అత్తా అని పిలిసింది. పలకనేదు. మల్లీ పిలిసింది. పలకనేదు. అప్పుడు తెలిసింది పిల్లకి, ముసల్దానికి సెవుడొచ్చీసింది, ఆవిడకి ఏ కుండైనా దిగినట్టే ఉంటాది.

ఈ మాట బయటపెట్టిందనుకో, సమ్మందం నిలుస్తాది. గానీ గాసమ్మ పనైపోద్ది. ఇంక ఆవిడ సెవిని ఎవులడుగుతారు, ఆవిడ కల్లు ఎవులు ముడతారు. పిల్ల నీల్లు తాగింది, బయటికొచ్చింది, మూటలోంచి ఓ పెంకు తీసింది. మావా, ఇది లేత బుర్ర, ఎంత పల్సగుందో సూడు, ఇది పగలడానికి దేవుడెందుకు, ఎండ సాలదా అంది. మావ పెంకుని అటూ ఇటూ తిప్పేడు. ఆయనకి బుర్రలు తెలీవనుకోకండి. లోపలినుంచి కల్లు వాసనొస్తంది, ఆయనకి దాహంగా ఉంది. లేతదే, దేవుడి పని కాదు అన్నాడు. అని, మీ బుర్ర లేతదంటమ్మా అని గాసమ్మకి అరిసి సెప్పేడు.

గాసమ్మ పిల్లని సెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెల్లింది. “అది మా అత్త నాటి బుర్ర. లేతదని ఎందుకన్నావే?” అంది. పిల్ల ముసల్దాని ఓ సెయ్యి కల్లుకుండ మీద పెట్టింది, రెండో సెయ్యి పక్కనున్న నీల్లకుండ మీద పెట్టింది. కల్లుకుండ ఎచ్చగుంది, నీల్లకుండ సల్లగుంది. పులుస్తన్నంతసేపూ ఎచ్చగే ఉంటాది మరి. గాసమ్మ సేతులు మార్సి మార్సి రెండు కుండలూ తడిమి సూసిందంట. కళ్లల్లో నీల్లు తిరిగేయి. “ఇదింకా దిగనేదు,” అంది. దిగనేదు గాబట్టి మావకి ఆరోజు నీల్లే దొరికేయి.

మూడ్రోజులకి కల్లుకుండ కూడా నీల్లకుండ లాగే సల్లబడింది. అప్పుడు బుర్రకెత్తేరు, బోడన్న మల్లీ కొండ దాటేడు, బుర్ర బుర్రలాగే ఎల్లింది, ముందు తాగింది ఆ మావే. అప్పటినుంచి మా ఊళ్లో కుండలకి రెండు సేతులేసి సూడ్డం అలవాటైపోయింది. గాసమ్మ కనిపెట్టిందంటారు అందరూ, నాను కాదననేదు. ఆ, సిన్నాలంటే నానే. మా అత్త పోయి పన్నెండేళ్లు, అప్పటిదాకా ఈ మాట మా ఆయనకి కూడా సెప్పనేదు. నాను మాత్రం సెవి పెట్టే ఇంటాను, నాకదే ఇష్టం. గానీ ఈమద్దె కుండలు తొందరగా అణిగిపోతన్నాయి. అందుకని సెయ్యి కూడా ఏస్తన్నాను. మీరు కూడా కాస్త గట్టిగా మాటాడండి.