వందిళ్ల బొంత

చైనాలోని షాన్షీ కొండపల్లెలో, వెచ్చని ఇటుక మంచం మీద అత్తాకోడళ్లు బొంత కుడుతున్నారు. నెల నిండబోతున్న పసివాడికి వంద ఇళ్లవాళ్లిచ్చిన గుడ్డముక్కలతో కప్పితే గండాలు దగ్గరికి రావంటారు.

“ఈ ఎర్రముక్క ఎవరిదే?”

“మా అమ్మదండీ.”

“తీసి అవతల పారెయ్. ఇద్దర్ని మట్టిలో పెట్టిన చెయ్యి. పిల్లలు పోయిన ఇంటి గుడ్డ నా మనవడికి కప్పుతావా?”

“పెళ్లినాటి దుప్పట్లోంచి కోసిచ్చింది అత్తయ్యా.”

“అయితే పొయ్యి దగ్గర మసిగుడ్డకి పనికొస్తుందిలే.”

కోడలు ఆ ముక్కను మడిచి ఒళ్లో దాచుకుంది. కత్తెర తీసుకుని, నట్టనడుమ కుట్టిన నీలిముక్కను విప్పసాగింది.

“ఆగాగు, అది నాదే!”

“తెలుసండీ. ముక్కలడుగుతూ వంద గడపలూ తిరిగింది నేనేగా. మీ పెద్దబ్బాయి చిన్నప్పుడే బావిలో పడి చనిపోయినప్పుడు మీరు ఎవరింట్లో పేకాడుతున్నారో, వాళ్లంతా అడక్కుండానే చెప్పారు.”