మీటల ట్రంబోను జకరయ్య

ఏందిమే చిన్నీ, ఆపేసినావు? పెట్టు పెట్టు, ఇందాక ఫోన్లో మోగిందే, అది మళ్ళా పెట్టు. ఆ సినిమా పాట కాదు, దాని ఎనకాల దానంతటదే వచ్చింది చూడు, ఎవురో తెల్లోడు కండ్లు మూసుకోని ఊదతా ఉండె... ఆ, అదే. కాసేపు మాట్లాడబాక. విన్నావా? బూర కాదు అది, ట్రంబోను. అందులోనూ గొట్టాన్ని ముందుకీ ఎనక్కీ లాగేది కాదు, మూడు మీటలుంటాయి, వేళ్ళతో నొక్కేది. నాకెట్ట తెలుసా? మీ తాత ఇరవై ఆరేండ్లు బ్యాండులో పెద్ద డ్రమ్ము మోసినాడని మీ అమ్మ చెప్పలా నీకు? చెప్పదులే, దానికి నామోషీ. పెండ్లిచూపుల్లో మా నాయన వ్యవసాయం అని చెప్పింది. ఏం వ్యవసాయం, నా మొహం వ్యవసాయం. ఈ భుజం చూడు, ఈడ గుంట పడింది, డ్రమ్ము పట్టీ కోసుకున్న గుంట అది. సరే, నా సంగతి వదిలెయ్. ఆ మీటల ట్రంబోను ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా ఒక్కడి దగ్గరే ఉండె. జకరయ్య అని. నువ్వు యాడ వినుంటావు, పోయి ముప్పై ఏండ్ల పైనే అయింది.

వరికుంటపాడు అవతల పాలెం వాళ్ళది. చర్చి పాస్టరు గారి బావమరిది ఒకాయన మిలిటరీ బ్యాండులో చేసి వచ్చినాడులే, ఆయన దగ్గర నేర్చుకున్నాడు జకరయ్య. మొదట వాయించింది లాగుడు ట్రంబోనే. మాది రామనారాయణ మేస్త్రి బ్యాండు, ఈ ఆత్మకూరే. జకరయ్యతో కలిపి పద్నాలుగు మందిమి, ఎర్ర కోట్లు, ఇత్తడి గుండీలు. మే నెల్లో ఆ కోటేసుకోని ఉదయగిరి కొండ కింద ఊరేగింపు నడిచి చూడు, అప్పుడు తెలుస్తాది నామోషీ ఏందో. మేస్త్రి మంచోడే, నోరే మంచిది కాదు. "ఏరా బాలయ్యా, అది డ్రమ్మనుకున్నావా, మీ అత్త వీపనుకున్నావా" అనేవాడు నన్ను. అందరూ నవ్వేవాళ్ళు, జకరయ్య మాత్రం నవ్వేవాడు కాదు. పెదాలు సాగితే గాలి పాడవుతాదనేవాడు. అబద్ధంమే. ఆయన పళ్ళు గార పట్టి గోధుమ రంగులో ఉండేవి, అందుకని నోరు తెరిచేవాడు కాదు. ఆయనవే కాదు, ఆ పాలెంలో అందరి పళ్ళూ అంతే. ఆ నీళ్ళు అట్టాంటివి. చూస్తే తేటగా ఉంటాయి, తాగితే దప్పిక తీరతాది, ఎముకల్లో మాత్రం దిగతాది విషం. ఫ్లోరిన్ అన్నారు తర్వాతెప్పుడో. మాకేం తెలుసు. ముప్పై దాటినోడు లేస్తా గోడ పట్టుకుంటాడు, నలభై దాటినోడు నేల చూస్తా నడస్తాడు, ఆ పాలెం వాళ్ళ తీరే అంత అనుకునేవాళ్ళం.

జకరయ్యకి ముప్పై నాలుగో ఏట మోచెయ్యి బిగిసింది. లాగుడు ట్రంబోనుకి చెయ్యి బారుగా చాపాల మే, చాపితేనే అడుగు స్వరం వస్తాది. ఆయన చెయ్యి ముక్కాలు దూరం పోయి ఆగిపోయేది. కలిగిరి కాడ ఒక పెండ్లిలో మూడు చోట్ల తప్పినాడు, మేస్త్రి అందరి ముందరా అన్నాడు, "చెయ్యి రాకపోతే గొర్రెలు కాచుకోపో". జకరయ్య ట్రంబోను దించి పక్కన పెట్టినాడు. ఇంటికి పోయి గోడకి ఆనుకోని కూచున్నాడంట రెండు రోజులు. వాళ్ళావిడ రాహేలమ్మ, ఆమెదీ ఆత్మకూరు పక్కేలే, సోమశిల దారిలో, నాతో అనింది, "బాలన్నా, చెయ్యి చాపకుండా వాయించే వాయిద్యమే లేదా లోకంలో?" నేను ఉండాదమ్మా, మీటలది అని ఒకటి మద్రాసులో చూసినా అన్నా. అంతే, ఆమె ఇంట్లో ఉన్న మేకల్ని తోలుకోని సంతకు పోయింది. ఒక్కటి కూడా మిగల్చలా.

మద్రాసుకి నేనే తీసుకపోయినా. పాత సామాన్ల అంగట్లో ఒక ముసలి అరవాయన, ఆయన కాడ దొరికింది, మీటలు జిడ్డు పట్టి, గొట్టం మీద సొట్ట పడి. జకరయ్య ఊది చూస్తా ఉంటే ఆయన అన్నాడు, ఉండు, ఈ వాయిద్యం ఎట్ట పలకతాదో నీకు వినిపిస్తానని, ఒక రికార్డు తీసి పెట్టినాడు. జాజ్ అని చెప్పినాడు, అమెరికా వాళ్ళ సంగీతం. ఇప్పుడు నీ ఫోన్లో మోగిందే, అట్టాంటిదే. ఎనకాల డ్రమ్ములు మెల్లంగా, ఎవురో ఒకడు ఈ మీటల ట్రంబోను తీసుకోని... పాట కాదు మే అది. ఇంట్లో మనిషి పక్కన కూచోని, గొంతు తగ్గించి, జరిగిందేందో చెప్పినట్టు ఉండాది. అర్థం కాదు, అయినా తల ఊపతాం. జకరయ్య మూడు సార్లు పెట్టించుకున్నాడు. నాలుగోసారి అడిగితే అరవాయన నవ్వి, "పోయ్యా, బస్సు పోతాది" అన్నాడు. బస్సెక్కినాక ఆ ట్రంబోనుని నెల్లూరు దాకా ఒళ్ళోనే పెట్టుకోని కూచున్నాడు. నెల్లూరులో దిగతా అన్నాడు, "వాడు వాయించటంలా రా బాలయ్యా, మాట్లాడతా ఉండాడు. అంత నిదానంగా మాట్లాడే ధైర్యం మనకేదిరా."

ఆ తర్వాత ఆయన శబ్దమే మారిపోయింది. ఎట్ట చెప్పేది నీకు... ట్రంపెట్టు ఉండాదే, అది వీధిని లేపతాది. క్లారినెట్టు నవ్విస్తాది. ఈయన మీటల ట్రంబోను ఎత్తితే ఇంట్లో పనిచేసుకునే ఆడోళ్ళు చేతుల్లో పని చేతుల్లోనే పెట్టుకోని గడప కాడికి వచ్చేవాళ్ళు. బొంగురుగా, తడిగా, మట్టి కుండలో నోరు పెట్టి పిలిచినట్టు. ఉదయగిరిలో ఒక పెండ్లికూతుర్ని సాగనంపేటప్పుడు ఆయనొక్కడే వాయించినాడు, పిల్ల తండ్రి వచ్చి ఆయన కోటు పట్టుకోని, "ఇంక చాలు సామీ, ఆపు, పంపించలేను" అని ఏడ్చినాడు. జకరయ్య వేళ్ళు కూడా బిగస్తా ఉండె గదా అప్పటికే, మూడో మీట తొందరగా పడేది కాదు. సమాధికి పోయేటప్పుడు వాయించే పాట ఒకటి ఉండాదిలే మా బ్యాండులో, దాంట్లో రెండో వరస చివర ఆ వేలు దిగేదాకా ఆగేవాడు. అంత సేపూ వీధంతా ఊపిరి బిగపట్టేది. ఇప్పటికీ ఆత్మకూరులో యా బ్యాండైనా ఆ పాట ఆడ ఆగతాది, గమనించు. పిలకాయల్ని అడిగితే పాటే అంత తాతా అంటారు. పాట అంత కాదు. అది ఒకడి వేలు.

అట్ట పదేండ్లు నడిచింది. మెడ కూడా బిగిసింది, పక్కకి చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సిందే. వాళ్ళకి జెస్సీ అని ఒకతే కూతురు, లేక లేక పుట్టింది. ఆ బిడ్డకి ఏడో ఏట మోకాళ్ళు లోపలికి వంగినాయి. అప్పుడు పోయినాడు జకరయ్య ఆఫీసులకి, అర్జీ మీద అర్జీ. ఎవురో వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకపోయినారు, ఇంకెవురో వచ్చి బోరింగుకి ఎర్ర రంగు పూసి, తాగబాకండని చెప్పి పోయినారు. ఇంకేం తాగాలో చెప్పలా. ఎర్ర బోరింగు నీళ్ళే తాగినారు. ఆఖరికి ఒక వాటరు ట్యాంకు కట్టినారు పాలెం పక్కన, తెల్ల సున్నం కొట్టి, పేర్లు రాసిన రాయి పెట్టి. ఏం నీళ్ళు దాంట్లోకి? అదే బోరు నీళ్ళు. పైకెక్కించి కిందికి వదిలేది, అంతే. దాన్ని తెరవడానికి ఒక పెద్దాయన వస్తా ఉండాడు, బ్యాండు కావాల అన్నారు. ఆ బేరం వచ్చింది మాకే.

జకరయ్య రాడనుకున్నా నేను. వచ్చినాడు. ఇస్త్రీ కోటు, గుండీలు తోమి. జీపు ఆగింది, పెద్దాయన దిగినాడు, దండలూ, టపాకాయలూ. మేస్త్రి చెయ్యెత్తినాడు, ఉషారు పాట ఎత్తుకున్నాం. నాలుగు వరసలు అయినాయో లేదో, జకరయ్య ఆ పాట వదిలేసి సమాధి పాట ఎత్తుకున్నాడు. ఒక్కడే. ట్రంపెట్టోడు ఆగిపోయినాడు, క్లారినెట్టోడు నోట్లోంచి తీసేసినాడు. ఆ పెద్దాయనకి ముందు తెలీలా, నవ్వతానే ఉండాడు. పాలెం వాళ్ళకి తెలిసింది గదా. ఒక ముసలామె కొంగు తల మీదికి లాక్కోని కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. మొగోళ్ళు తలపాగాలు తీసినారు. అంత వంగిపోయిన మనుషులు, ఒక్కొక్కరే ముందుకొచ్చి నిలబడినారు, శవం కాడ నిలబడినట్టు. పెద్దాయన మొహంలో నవ్వు పోయింది. మేస్త్రి నా వైపు చూసినాడు. నోటితో ఏం చెప్పలా, చేత్తో ఇట్ట అన్నాడు. కొట్టు అని.

కొట్టినా మే. రెండు చేతులతో, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి, ఉషారు తాళం కొట్టినా. మా ఇంట్లో ముగ్గురు బిడ్డలుండారు, మేస్త్రి తీసేస్తే నాకు వేరే పని రాదు, ఇవన్నీ తర్వాత అనుకున్నాలే, ఆ నిమిషంలో ఏమీ అనుకోలా. చెయ్యి చూపిచ్చినాడు, కొట్టినా. నేను కొట్టేసరికి సైడు డ్రమ్మోడు కలిసినాడు, ట్రంపెట్టు కలిసింది. జకరయ్య శబ్దం మునిగిపోయింది. ఆయన తల తిప్పలేడు గదా, వాయిస్తానే మనిషి మొత్తం తిరిగినాడు, మెల్లంగా, నా వైపుకి. నన్ను చూస్తా వాయించినాడు. బుగ్గలు కదలతా ఉండాయి, మీటలు పడతా ఉండాయి, ఏమీ వినపళ్ళా. వినపడకుండా చేసింది నేను. పాట మొత్తం అయినాకే దించినాడు. మేస్త్రి ఆడే చెప్పేసినాడు, "నా బ్యాండు గడప తొక్కబాక" అని. జకరయ్య కోటు విప్పి మడిచి మేస్త్రి చేతికిచ్చినాడు. నా పక్కనించి పోతా నిలబడినాడు, తిట్టుంటే బాగుండు. "తాళం తప్పలేదురా బాలయ్యా, బాగా కొట్టినావు" అన్నాడు.

వారం తిరక్కుండా రాహేలమ్మనీ బిడ్డనీ ఆత్మకూరు పక్క వాళ్ళ పుట్టింటికి పంపించేసినాడు, ఆడ నీళ్ళు మంచివని. తనెందుకు పోలా అంటే, జకరయ్య వాళ్ళమ్మ మంచంలో ఉండె, కదిలిస్తే ఎముక విరిగేట్టు. ఎట్ట వదిలి పోతాడు? ఆ ముసలామె చనిపోయేసరికి ఈయనా మంచం పట్టినాడు. రాహేలమ్మ వారానికొకసారి వచ్చి వండిపెట్టి పోయేది. జెస్సీ కాళ్ళు పూర్తిగా సరికాలేదు గానీ నడిచింది, చదివింది, ఇప్పుడు నెల్లూరులో టీచరమ్మ. వాళ్ళ నాయన ట్రంబోను ఆమె కాడే ఉండాది.

నేనా? నాలుగేండ్లు పోలా ఆ పక్కకి. మొహం ఉండాల గదా. ఒకరోజు ఉండబట్టలేక పోయినా. మంచంలో గోడకి ఆనించి కూచోబెట్టి ఉండారు, గడ్డం ఎదకి అతుక్కుపోయింది. నన్ను చూడలా, నా కాళ్ళు చూసి గుర్తుపట్టినాడు. "బాలయ్యా, దాన్ని దించు" అన్నాడు. గోడకి ఉండె ట్రంబోను. దించి, వంగి, ఆయన నోటికి ఆనించి పట్టుకున్నా. వేళ్ళు ఒక్కటీ ఆడటంలా, కట్టెలైపోయినాయి. "నేను ఊదతా, నువ్వు నొక్కు. నా మోకాలు ఒకసారి కదిలిస్తే మొదటి మీట, రెండు సార్లు కదిలిస్తే రెండోది, మూడు సార్లైతే మూడోది" అన్నాడు. నా డ్రమ్ము కొట్టే మొద్దు వేళ్ళు. ఆయన గాలి, నా వేళ్ళు. నాలుగు స్వరాలు వచ్చినాయి మే, నాలుగే, చీలిపోయి, వణికిపోయి. అయినా అదే గొంతు. అప్పుడు అడగాల్సింది నేను, నన్ను క్షమించరా అని. నోటి దాకా వచ్చింది. ఆయన దగ్గతా ఉంటే నీళ్ళు తాపినా. అదే నీళ్ళు. తాపి, మళ్ళా వస్తానని చెప్పి వచ్చేసినా.

జకరయ్య పోయినాడని కబురొచ్చిన రోజు ఉదయగిరిలో పెండ్లి ఒప్పుకోనుండాం. మేస్త్రి, "పోయేవాళ్ళు పోండి, నేనేమీ అనను" అన్నాడు. ఆ మాట అన్నాడు, అబద్ధం చెప్పకూడదు. ఎవురూ పోలా. నేనూ పోలా. నేను పోయి ఆడ ఏం చెయ్యాల, డ్రమ్ము కొట్టాలా? పెండ్లిలోనే కొట్టినా. పది రోజులకి పాలెం పోతే రాహేలమ్మ అరుగు మీద ఉండాది. తిట్టలా, కూచోమనింది. చెప్పింది, "పెట్టె మూత పడలేదన్నా. కాళ్ళు చాపితే రాలా, నడుము దిగలా. నొక్కుదామా అన్నాడు ఎవురో, నేను నొక్కనియ్యలా. వడ్రంగి ఇంకో రెండు పలకలు వేసి ఎత్తు పెంచినాడు. పక్కకి పడుకోబెట్టినాం, బిడ్డని పడుకోబెట్టినట్టు." ఇంకా ఏం చెప్పిందంటే... "దారెంబడి ఒక్క శబ్దం లేదన్నా. ఊర్లో అందరి శవాల ముందరా ఆయన వాయించినాడు. ఆయన ముందర మా చెప్పుల చప్పుడే."

...

ఏంది? ఆ, ఏం లేదులే. పోయి మోటరు కట్టెయ్ మే, మిద్దె మీద ట్యాంకు పొర్లతా ఉండాది, వినపడలా నీకు?